పాత బుల్లెట్‌ని మళ్లీ రోడ్డెక్కించడం: చెన్నైలో విడిభాగాలు, పోయిన థ్రెడ్ల మరమ్మతు – తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఉద్యోగాలు చేసుకుంటూ, ఊళ్లో మూలపడ్డ నాన్నగారి బుల్లెట్‌నో మామయ్యగారి యెజ్డీనో తెచ్చి బాగుచేసుకుంటున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బండితో పాటు పుట్టిన లోహాన్ని పారేయకండి. థ్రెడ్ (బోల్టు బిగిసే మర) పోయిన అసలు కేసు, అంటే ఇంజను పెట్టె క్రాంక్‌కేసు, సరిగ్గా మరమ్మతు చేస్తే, బజార్లో దొరికే కొత్త నకలు కంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

విడిభాగాలు కొనే ముందు ఏం చేయాలి?

బండి విప్పాలి, కానీ తొందరపడకూడదు. ప్రతి భాగం విప్పే ముందు ఫోటో తీయండి. నట్లూ బోల్టులూ అన్నీ ఒకే డబ్బాలో పోయకండి. ఇంజను కవర్ల స్క్రూలు చూడ్డానికి ఒకేలా ఉన్నా పొడవుల్లో తేడా ఉంటుంది. ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడ్నుంచి వచ్చిందో అక్కడే అట్టకు గుచ్చి పెట్టండి. పొడుగు స్క్రూని లోతులేని రంధ్రంలో బిగిస్తే కేసు పగులుతుంది. పొట్టి స్క్రూని లోతైన రంధ్రంలో పెడితే అది రెండు మూడు చుట్ల మీదే ఆగి, బిగించగానే ఆ చుట్లను పీక్కుని బయటికొస్తుంది. థ్రెడ్లు పోవడం చాలా బళ్లలో ఇక్కడే మొదలవుతుంది.

అరిగిపోయిన భాగాన్ని కూడా, దాని స్థానంలో కొత్తది బిగిసి బండి నడిచేదాకా పారేయవద్దు. దుకాణంలో చూపించడానికి, లేత్ దగ్గర కొలత ఇవ్వడానికి అదే ఆధారం.

చెన్నైలో ఏది ఎక్కడ దొరుకుతుంది?

కొత్త విడిభాగాలకు మౌంట్ రోడ్ పక్కనున్న జనరల్ ప్యాటర్స్ రోడ్. కేబుళ్లు, క్లచ్ ప్లేట్లు, చెయిన్ స్ప్రాకెట్లు, గ్యాస్కెట్లు, రబ్బర్లు అక్కడ చూడండి. పాత సామానుకు ఎగ్మోర్ దగ్గర, కూవం పక్కనున్న పుదుప్పేట. విప్పిన బళ్ల భాగాలు వీధి పొడవునా గుట్టలుగా ఉంటాయి. ఓపికున్నవాళ్లకు నిజంగా మంచి సరుకు దొరుకుతుంది. నట్లు, బోల్టులు, ట్యాపులు (రంధ్రంలో థ్రెడ్ కోసేవి), డైల (బోల్టు మీద థ్రెడ్ కోసేవి) కోసం ప్యారిస్ కార్నర్ వైపు వెళ్లాలి. బ్రాడ్‌వే, సెంబుదాస్ వీధి చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాలు వరుసగా ఉంటాయి. ఆ బ్రాడ్‌వే ఇప్పటి పేరు ప్రకాశం సాలై, మన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరే. 1928లో సైమన్ కమిషన్‌కు ఎదురుతిరిగి ఆయన తుపాకీకి రొమ్ము చూపింది ఆ దగ్గర్లోనే.

లేత్ పని, వెల్డింగు, గ్రైండింగు కావాలంటే అంబత్తూరు, గిండీ పారిశ్రామికవాడలు. బళ్ల మెకానిక్ చేయలేనన్న పనిని అక్కడి టూల్‌రూమ్ మనిషి నిమిషాల్లో చేసిపెట్టవచ్చు.

బేరింగులు, ఆయిల్ సీళ్లు మాత్రం బండి పేరు చెప్పి అడగకండి. బేరింగు మీద నంబరు ఉంటుంది. సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం 30×47×7 లాగా రాసి ఉంటాయి. ఆ అంకెలు రాసుకుని నేరుగా బేరింగుల డీలరు దగ్గరికి వెళ్తే మంచి కంపెనీ సరుకు దొరుకుతుంది.

బుల్లెట్ భాగాలు ఈ ఊళ్లో సులువుగా దొరకడానికి కారణముంది. ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ కంపెనీతో కలిసి మద్రాస్ మోటార్స్ వాళ్లు 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టారు. ఫ్యాక్టరీ ఇక్కడి తిరువొత్తియూరులోనే. మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారైన జావా, యెజ్డీల భాగాలకు బెంగళూరు, మైసూరు వైపు కూడా వాకబు చేయాల్సి వస్తుంది.

తమిళం రాదు. పుదుప్పేటలో బేరం చేయగలనా?

నిక్షేపంగా. తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామంది తగులుతారు. "అన్నా" అని పలకరించి పాత భాగం చేతికివ్వండి, మిగతా మాట అదే చెబుతుంది. వెర్నియర్ కాలిపర్, చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకోండి. కొలిచి చూసేవాడితో బేరం తీరే వేరు.

కొత్త నకలు కొనాలా, వాడిన ఒరిజినల్ కొనాలా?

అరిగేవన్నీ కొత్తవే కొనండి: బేరింగులు, సీళ్లు, రబ్బర్లు, కేబుళ్లు, బ్రేక్ షూలు, చెయిన్లు. పోతపోసినవీ సానబట్టినవీ పాతవే మేలు: క్రాంక్‌కేసు, హెడ్డు, హబ్బులు, గేర్లు, మడ్‌గార్డు స్టేలు. నకలు మడ్‌గార్డు పట్టుకుంటేనే తెలిసిపోతుంది, రేకు పల్చన. నకలు గేరు పైకి మెరుస్తుంది, కానీ గట్టిదనం పైపొరలోనే ఆగిపోయిందా అసలు లేనే లేదా అన్నది మీరు గేరు మారుస్తున్నప్పుడు తేలుతుంది.

ఇంకో జాగ్రత్త. దుకాణంలో "బుల్లెట్‌కి" అంటే చాలదు. 2010 ప్రాంతంలో ఆగిపోయిన పాత కాస్ట్ ఐరన్ ఇంజనుకూ ఆ తర్వాత వచ్చిన, గేర్‌బాక్సు కూడా ఒకే కేసులో ఉండే యు.సి.ఈ. ఇంజనుకూ లోపలి భాగాలు కలవవు. "కాస్ట్ ఐరన్ 350, కుడివైపు గేరు" అని స్పష్టంగా చెప్పండి. పాత 350 బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90. పిస్టన్ కొనేముందు బోరు కొలిపించండి. ఇదివరకే రీబోర్ అయిన, అంటే బోరును కోసి పెద్దది చేసిన బండికి స్టాండర్డ్ పిస్టన్ కొంటే డబ్బు వృథా.

పాత క్రాంక్‌కేసు, ట్యాంకు కొనేటప్పుడు ఏం చూడాలి?

క్రాంక్‌కేసు రెండు సగాలూ ఒకే జతవి కావాలి. బేరింగు గూళ్లు రెండింటినీ కలిపి ఒకే వరుసలో మెషిన్ చేస్తారు. ఎక్కడెక్కడివో రెండు సగాలు కలిపితే క్రాంకు బిగుసుకుంటుంది. బేరింగు గూడు లోపల పంచ్‌తో కొట్టిన చుక్కలు కనిపిస్తే ఆ కేసు వదిలేయండి. వదులైన బేరింగును ఎవరో అలా నిలబెట్టారన్నమాట. చెయిన్ తెగి కొట్టిన చోట వెల్డింగు ఉందేమో చూడండి. పోయిన థ్రెడ్లను చూసి మాత్రం భయపడకండి, బేరం తగ్గించడానికి వాడుకోండి.

ట్యాంకు మీద అయస్కాంతం జరపండి. పట్టు సడలిన చోట రంగు కింద పుట్టీ ఉన్నట్టే.

మా బుల్లెట్‌కి ఎం 8 బోల్టు రెండు చుట్లు ఎక్కి ఆగిపోతోంది. ఎందుకు?

ఆపేశారు కదా, మంచిపని చేశారు. అది ఎం 8 రంధ్రం కాకపోవచ్చు.

బుల్లెట్ ఇంగ్లిషు బండి. దాని థ్రెడ్లు అంగుళాల లెక్కలో పుట్టాయి: బి.ఎస్.ఎఫ్. (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్), విట్‌వర్త్, సైకిల్ థ్రెడ్. తిరువొత్తియూరుకు వచ్చాక కూడా చాలా ఏళ్లు అవే సాగాయి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, ఎం 8 అంటే 8. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. కానీ 5/16 బి.ఎస్.ఎఫ్.లో అంగుళానికి 22 చుట్లు, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.155 మిల్లీమీటర్లు. ఎం 8లో ఆ దూరం 1.25. రెండు మూడు చుట్లదాకా సర్దుకుపోయి, ఆ తర్వాత రెండూ ఒకదాన్నొకటి నరుక్కుంటాయి. స్టీలు బోల్టూ అల్యూమినియం రంధ్రమూ తలపడితే ఓడేది అల్యూమినియమే.

పావు అంగుళం సైజు ఇంకా మోసం చేస్తుంది. 1/4 బి.ఎస్.ఎఫ్.లో అంగుళానికి 26 చుట్లు, అంటే 0.977 మిల్లీమీటర్లు. ఎం 6లో సరిగ్గా 1. దూరం దాదాపు ఒకటే, కానీ లావు 6.35కి బదులు 6. అందుకే ఎం 6 బోల్టు హాయిగా, ఆఖరిదాకా, నూనె రాసినట్టు దిగిపోతుంది. పట్టు మాత్రం చుట్ల అంచుల మీదే ఉంటుంది. బిగించే ఆఖరి క్షణంలో చేతికి మెత్తగా తగిలి ఊడివచ్చేస్తుంది. రోడ్డు పక్క మెకానిక్ దగ్గర సగం సర్వీసులు గడిచిన బండిలో ఇలాంటి రంధ్రాలు తప్పకుండా ఉంటాయి.

థ్రెడ్ ఆకారం కూడా చూడాలి. విట్‌వర్త్, బి.ఎస్.ఎఫ్. థ్రెడ్ల కోణం 55 డిగ్రీలు. మెట్రిక్‌దీ, సైకిల్ థ్రెడ్‌దీ 60. పిచ్ గేజ్ (చుట్ల మధ్య దూరం, అంటే పిచ్, చూసే పళ్ల రేకులు) రెండు రకాలు కొనండి, మెట్రిక్ ఒకటి, విట్‌వర్త్ ఒకటి. బోల్టు మీద గేజ్ పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పళ్ల మధ్య ఎక్కడా వెలుగు కనిపించకూడదు. ఒకట్రెండు చుట్ల మీద సరిపోయిందని నమ్మకండి, పొడవునా పెట్టి చూడండి. రంధ్రం కొలవాలంటే తెలిసిన బోల్టును చేత్తో తిప్పి చూడాలి, పానా వాడకూడదు.

ఏ బోల్టు ఏ థ్రెడ్డో జాబితా దొరికినా గుడ్డిగా నమ్మలేం. సంవత్సరాన్ని బట్టి మార్పులు వచ్చాయి, మధ్యలో ఎవరెవరో ట్యాపులు వేశారు. ప్రతి రంధ్రాన్నీ కొలుచుకోవాల్సిందే. జావా, యెజ్డీ, యమహా ఆర్‌ఎక్స్ 100లకు ఈ బాధ లేదు, అవి పుట్టుకతోనే మెట్రిక్.

పానాలు కూడా వేరేవి కావాలా?

కావాలి. 1/4 విట్‌వర్త్ పానా నోరు 13.3 మిల్లీమీటర్లు. 13 పానా ఎక్కదు, 14 పానా జారి నట్టు మూలలు తినేస్తుంది. 5/16 పానా నోరు 15.24, దానికి 16 పెడితే అదే గతి. విట్‌వర్త్ పానా మీది అంకె బోల్టు లావుకు సంబంధించింది, నోటి వెడల్పు కాదు. అందుకే అంకె చూసి తికమకపడతారు. బి.ఎస్.ఎఫ్. తలలు ఒక సైజు చిన్నవి, కాబట్టి 5/16 బి.ఎస్.ఎఫ్. నట్టుకు 1/4 విట్‌వర్త్ పానా సరిపోతుంది.

ఆర్‌ఎక్స్ 100 ఇంజను కవర్ల ప్లస్ స్క్రూలకు మామూలు స్క్రూడ్రైవర్ పెట్టకండి. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కొనండి. ఆ ఒక్క పనిముట్టు ఎన్నో కవర్లను కాపాడుతుంది.

బోల్టు తుప్పుపట్టి కదలడం లేదు. ఏం చేయాలి?

ముందు అది ఎడమ మర (మామూలుకు ఎదురు దిశలో బిగిసే థ్రెడ్) కాదని నిర్ధారించుకోండి. బుల్లెట్ టైమింగ్ వైపు, ఆయిల్ పంపులను తిప్పే వర్మ్ (మరలాంటి గేరు) ఎడమ మర. మామూలుగా విప్పుతున్నామనుకుని దాన్ని ఇంకా బిగించి విరగ్గొట్టినవాళ్లున్నారు.

తుప్పే అయితే మూడు ఆయుధాలు: నూనె, వేడి, తట్టడం. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏ.టి.ఎఫ్. నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపి చుక్కలు చుక్కలుగా వేసి, రాత్రంతా వదిలేయండి. ఆ మిశ్రమానికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి వేడిచేసే ముందు పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. వేడికి అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే మంట బోల్టుకు కాకుండా దాని చుట్టూ ఉన్న కేసుకు తగలాలి. పెట్రోలు ట్యాంకూ కార్బరేటరూ ఆ గదిలోనే ఉండకూడదు. తర్వాత బోల్టు తల మీద నిలువుగా సుత్తితో తట్టి, బిగించే వైపు కాస్త కదిపి, అప్పుడు విప్పండి. కిర్రుమంటూ కొంచెం కదిలితే ఆనందంలో ఒకేసారి తిప్పేయకండి. ముందుకీ వెనక్కీ తిప్పుతూ, నూనె వేస్తూ బయటికి తీసుకురండి. చెన్నై ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి నిలబడ్డ బండికి ఈ ఓపిక తప్పదు.

స్టడ్డు (తల లేని బోల్టు)కైతే రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి బిగించి, కింది నట్టును పానాతో విప్పండి.

బోల్టు లోపలే విరిగిపోయింది. ఈజీ-అవుట్ వాడవచ్చా?

ఈజీ-అవుట్ అంటే విరిగిన ముక్కలో రంధ్రం చేసి, దాంట్లోకి దింపి తిప్పి ముక్కను బయటికి లాగే సాధనం. నా సలహా, వాడవద్దనే. తల తెగేంత గట్టిగా పట్టుకున్న బోల్టు, తనకంటే సన్నటి ఈజీ-అవుట్‌కు లొంగడం అరుదు. ఈజీ-అవుట్ గట్టి స్టీలు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాని మీద గీత కూడా పెట్టలేదు.

ముక్క పైకి కనిపిస్తుంటే దాని మీద నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి వెల్డింగు చేయించండి. వెల్డింగు వేడే సగం పని చేస్తుంది. లోపలికి విరిగితే సరిగ్గా మధ్యలో పంచ్ పెట్టి, డ్రిల్ స్టాండ్ మీద సన్నటి బిట్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. చేతి డ్రిల్‌తో చేస్తే బిట్ మెత్తటి అల్యూమినియం వైపే జారుతుంది. ట్యాపో ఈజీ-అవుటో విరిగి ఇరుక్కుంటే స్పార్క్ ఎరోజన్ మెషిన్ ఉన్న టూల్‌రూమ్‌కు వెళ్లండి. అంబత్తూరులో అడిగితే చెబుతారు. మెషిన్ నిప్పురవ్వలతో ఆ ముక్కను మాత్రమే కరిగించి, చుట్టూ ఉన్న థ్రెడ్‌ను అలాగే వదిలేస్తుంది.

థ్రెడ్ పూర్తిగా పోయింది. ఎన్ని మార్గాలున్నాయి?

ముందు నిజంగా పోయిందా చూడండి. మొదటి రెండు చుట్లే దెబ్బతిని, కింద బాగుంటే అదే సైజు ట్యాపును చేత్తో దింపి శుభ్రం చేస్తే చాలు. రంధ్రం లోతుగా ఉండి అడుగున వాడని థ్రెడ్ ఉంటే కాస్త పొడుగు బోల్టుతో పని జరిగిపోతుంది.

నిజంగానే పోతే నేను మొదట చెప్పేది హెలికాయిల్. పోయిన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, ప్రత్యేకమైన ట్యాపు వేసి, స్ప్రింగులా చుట్టిన స్టెయిన్‌లెస్ తీగను లోపలికి ఎక్కిస్తారు. లోపల మళ్లీ పాత సైజు థ్రెడ్డే వస్తుంది. మెత్తటి అల్యూమినియంలో ఇది పాత థ్రెడ్ కంటే బలంగా ఉంటుంది.

పని జరిగే తీరు చూడండి. కేసును డ్రిల్ స్టాండ్ కింద బిగించి, కిట్ మీద రాసిన సైజు బిట్, ఎం 6కైతే 6.3 మిల్లీమీటర్ల ప్రాంతంలో, నిటారుగా దింపాలి. లోతు కోసం బిట్‌కు టేపు చుట్టండి. ట్యాపుకు కిరసనాయిలు రాయండి, అల్యూమినియానికి అంతకంటే మంచిది అక్కర్లేదు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు టిక్కుమని పొట్టు తెగడం వేళ్లకు తెలుస్తుంది. ఆ టిక్కు లేకుండా బిగుసుకుంటుంటే ఆపి, ట్యాపు బయటికి తీసి, పొట్టు తుడిచి మళ్లీ దింపండి. రంధ్రం శుభ్రంగా ఊదాక తీగచుట్టను సాధనంతో, నొక్కకుండా, తిప్పుతూ ఎక్కించాలి. పై అంచు ఉపరితలం నుంచి పావు నుంచి అర చుట్టు కిందికి ఉండాలి. చివరికి అడుగున అడ్డంగా ఉన్న చిన్న తోకను పంచ్‌తో కొట్టి విరిచి, బయటికి తీయాలి. ఆ ముక్క చేతిలోకి వచ్చేదాకా పని పూర్తికాలేదు.

అంగుళాల సైజు హెలికాయిల్ కిట్లు ఇక్కడి దుకాణాల్లో వెతుక్కోవాలి. దొరక్కపోతే మెట్ల స్టడ్ చేయించండి: కేసులోకి వెళ్లే వైపు ఒక సైజు పెద్ద థ్రెడ్, నట్టు వైపు పాత థ్రెడ్. లేత్ మనిషికి ఇ.ఎన్. 8 స్టీలు అని, హెడ్డు లాంటి బరువు పడే చోటైతే ఇ.ఎన్. 24 అని చెప్పండి. మైల్డ్ స్టీలు వద్దు. బయటి నుంచి చూస్తే బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది కాబట్టి బుల్లెట్‌కు నాకు ఇదే ఎక్కువ ఇష్టం. రంధ్రం మరీ పెద్దదై గోడ పల్చబడితే అల్యూమినియం వెల్డింగుతో నింపి, మళ్లీ డ్రిల్ చేసి ట్యాపు వేయాలి. అది చేయి తిరిగిన టిగ్ వెల్డర్ పని.

స్పార్క్ ప్లగ్ థ్రెడ్ పోతే?

బుల్లెట్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 మూడింటికీ అది 14 మిల్లీమీటర్లు, 1.25 పిచ్. హెడ్డు విప్పే చేయండి. బండి మీద ఉండగా ట్యాపుకు గ్రీజు రాసి పొట్టు పడకుండా చేస్తామనేవాళ్లుంటారు, ఒప్పుకోకండి. ఒక్క పొట్టు చాలు, బోరు గీరుకుపోవడానికి. ఇక్కడ తీగచుట్ట కంటే గట్టి గొట్టంలాంటి ఇన్‌సర్ట్ మంచిది, ప్లగ్ తీసేటప్పుడు దాంతో పాటు ఊడిరాదు. ప్లగ్ పొడవు కూడా పాతదానితో సరిపోవాలి. ఆర్‌ఎక్స్ 100కు 12.7 మిల్లీమీటర్ల పొట్టి ప్లగ్. 19ది పెడితే పిస్టన్‌కు తగలవచ్చు.

టెఫ్లాన్ టేపు, ఎం-సీల్, రాగితీగ చుట్టి బిగించవచ్చా?

వద్దు. ఆ రోజుకు నిలుస్తుంది. తర్వాత సరైన మరమ్మతు చేసేవాడికి రంధ్రం నిండా చెత్త మిగులుతుంది.

తుప్పు పట్టకుండా అన్నీ స్టెయిన్‌లెస్ బోల్టులు వేయవచ్చా?

మడ్‌గార్డులకు, నంబరు ప్లేటుకు వేసుకోండి. హెడ్డు స్టడ్లకు, యాక్సిళ్లకు, బ్రేకు భాగాలకు వద్దు. మామూలు దుకాణాల్లో దొరికే స్టెయిన్‌లెస్‌కు హై టెన్సైల్ స్టీలుకున్నంత బలం ఉండదు. పైగా సముద్రపు గాలిలో అల్యూమినియంతో కలిసి ఉంటే అల్యూమినియమే తెల్లగా పొడిరాలుతుంది. వేసినచోట యాంటీ-సీజ్ గ్రీజు రాయాలి. నా మట్టుకు పాత బోల్టులనే శుభ్రం చేసి జింక్ ప్లేటింగుకు ఇవ్వడం ఉత్తమం. ప్లేటింగు అయ్యాక థ్రెడ్ కొంచెం లావెక్కుతుంది, నట్టు చేత్తో ఎక్కకపోతే డై ఒకసారి తిప్పండి. బఫింగు మనిషికి మాత్రం బోల్టు తలలు ఇవ్వకండి, మూలలన్నీ గుండ్రం చేసి తిరిగిస్తాడు.

ఎంత బిగించాలి?

మాన్యువల్‌లో అంకె ఉంటే అదే. లేకపోతే అల్యూమినియంలో ఎం 6కు సుమారు 10, ఎం 8కు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు. 1/4, 5/16లకూ దాదాపు అంతే. కొత్త వాషర్ ఉన్న ప్లగ్‌ను చేత్తో ఆనేదాకా తిప్పి, ఆపైన అర చుట్టు. చిన్న బోల్టుకు పొడవాటి పానా పెట్టకండి.

యెజ్డీ సైలెన్సర్ పైపు నట్టు థ్రెడ్ అరిగిపోయింది. బోరు (సిలిండర్) మార్చాలా?

అక్కర్లేదు. ఆ నట్టు వదులైతే వెంటనే బిగించకుండా నడపడం వల్లే థ్రెడ్ అరుగుతుంది. బోరు మీది థ్రెడ్‌ను లేత్ మీద తేలిగ్గా శుభ్రం చేయించి, దానికి సరిపోయే సైజులో నట్టు చేయించవచ్చు. బిగించడానికి కొక్కెం పానా వాడండి. ఉలీ సుత్తీ వద్దు. ఇంజను వేడెక్కి చల్లారాక మరోసారి బిగించండి.

వరదలో మునిగిన బండి చవగ్గా వస్తోంది. కొనొచ్చా?

2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకూ ఎన్నో బళ్లు మునిగాయి. మునిగాక వెంటనే విప్పి ఆరబెట్టిన బండి అయితే పర్వాలేదు. నీళ్లతోనే నెలల తరబడి నిలబడిన ఇంజనైతే క్రాంకు, బేరింగులు, గేర్లు అన్నీ పోయాయనే లెక్కవేసి, కేసుకూ ఫ్రేముకూ మాత్రమే ధర కట్టండి.

నెల్లూరు బండి చెన్నైలో నడపవచ్చా? కాగితాల సంగతేమిటి?

వేరే రాష్ట్రపు బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దానికి ముందు పాత ఆర్.టి.ఓ. నుంచి ఎన్.ఓ.సి. తెచ్చుకోవాలి. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్.సి. రెన్యూవల్ ఐదేళ్లకోసారి. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. నంబరులో వి.ఏ. అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అలాంటి బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు పనులకు తప్ప రోజూ ఆఫీసుకు నడపడం కుదరదు.

పుదుప్పేటలో క్రాంక్‌కేసు కొంటున్నట్టయితే, దాని మీది ఇంజను నంబరు మీ ఆర్.సి.లో ఉండదు. అమ్మేవాడి దగ్గర ఆ బండి కాగితాలు, రసీదు తీసుకుని, ఇంజను మార్పును ఆర్.టి.ఓ.లో నమోదు చేయించాలి. నంబరు గీకేసి ఉన్న కేసును ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోకండి. ఈ తిప్పలన్నీ వద్దనుకుంటే దారి ఒకటే, మీ బండి కేసునే అంబత్తూరు తీసుకెళ్లి బాగుచేయించుకోండి.